చిట్టికి, పాటల పెట్టె గురించి

చి. చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. నెలనెలా డబ్బు కట్టే యాప్‌లో, మూడేళ్లుగా వింటున్న పాట పేరు బూడిద రంగుకి మారిపోయింది, నొక్కితే పలకడం లేదు. "నేనేం తప్పు చేశాను?" అన్నావు. నీ తప్పేం లేదు తల్లీ. నువ్వు అక్కడ పాట కొనుక్కోలేదు, వినడానికి అద్దె కడుతున్నావు. పాట హక్కులున్న కంపెనీకీ యాప్‌కీ బేరం చెడితే మధ్యలో మనల్ని ఎవరూ అడగరు. 2024 ఫిబ్రవరిలో యూనివర్సల్ మ్యూజిక్, టిక్‌టాక్ ఒప్పందం కుదరక విడిపోయినప్పుడు ఇదే జరిగింది. జనం అప్పటికే పెట్టుకున్న వీడియోలు కూడా మూగబోయాయి. మే నెలలో రాజీ పడ్డాకే మళ్లీ గొంతు వచ్చింది.

యాప్ మానెయ్యమని అనను. కొత్త పాటలు వెతుక్కోవడానికి అంత సుఖమైనది ఇంకోటి లేదు, నేనూ వాడుతున్నాను. కానీ పోతే ప్రాణం ఉసూరుమనే పాటలు ఒక రెండు వందలు ఉంటాయి చూడు, అవి మాత్రం నీ డిస్కులో ఉండాలి. సీడీ ఉంటే దాన్నుంచి రిప్ చేసుకో, అంటే పాటల్ని కంప్యూటర్లోకి ఫైళ్లుగా దించుకో, లేదా ఫైలుగా అమ్మేచోట కొనుక్కో. కొనేముందు డీఆర్ఎం తాళం, అంటే అమ్మినవాళ్లు ఒప్పుకుంటేనే ఫైలు పలికేలా వేసే కట్టడి, లేదని చూసుకో. తాళంచెవి వాళ్ల సర్వర్లో ఉంటే ఆ ఫైలు నీ దగ్గర ఉన్నా లేనట్టే.

ఏ ఫార్మాట్ అంటావా, ఇక్కడ నా మూర్ఖత్వం కాస్త చెప్పాలి. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3 అదే నిమిషాన్ని 1 ఎంబీలో సర్దేస్తుంది, చెవికి పెద్దగా తెలియదనుకున్నవన్నీ పారేసి. డిస్కులో చోటు చాలక నా సీడీలన్నీ అలా కుదించి, సీడీలేమో పంచిపెట్టేశాను. కొన్నేళ్లకి మంచి హెడ్‌ఫోన్లు కొన్నాక తెలిసింది, పాటలో చేతితాళాల చప్పుడు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉందని. అప్పుడు చేసిన ఇంకో తెలివైన పని, ఆ ఫైళ్లనే 320 కేబీపీఎస్‌కి మార్చడం. చిన్న ఫొటోని సాగదీసి పెద్ద ప్రింటు తీసినట్టు సైజు పెరిగింది, పోయింది తిరిగి రాలేదు. నువ్వు మాత్రం ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో దాచు. ఏమీ పారెయ్యకుండా సైజు సుమారు సగానికి తగ్గిస్తుంది. ఫోన్‌కి కావాలంటే దాన్నుంచి ఎంపీ3 ఎన్నిసార్లైనా తీసుకోవచ్చు.

ట్యాగులు, అంటే ఫైలు లోపల ఉండే పాట పేరు, గాయకుల పేర్లు, తెలుగులోనే రాసుకో. పాత ఫైళ్లలో తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తే కంగారుపడకు. 1996లో వచ్చిన మొదటి ఐడీ3 ట్యాగులో (ఎంపీ3ల్లో వాడేది ఇదే) పాట పేరుకి ఇచ్చింది 30 బైట్లే, అదీ ఇంగ్లిష్ అక్షరాలని మనసులో పెట్టుకుని. అన్ని భాషల అక్షరాలూ రాయగల యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్క "శ్రీ" రాయడానికే 12 బైట్లు కావాలి. తర్వాతి వెర్షన్‌లో ఈ బాధ లేదు, ట్యాగ్ ఎడిటర్‌లో దాన్ని ఎంచుకుంటే చాలు.

కాపీలు మూడు. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో. ఫోన్, కంప్యూటర్ ఒకేలా ఉండేలా సింక్ అవుతోంది కదా అని ధీమాగా ఉండకు. నేను ఫోన్‌లో చోటు కోసం ఒక ఫోల్డర్ చెరిపేస్తే, ఆ సింక్ మహాతల్లి కంప్యూటర్లోనూ చెరిపేసింది. చెత్తబుట్ట గడువు దాటాక గానీ నేను చూసుకోలేదు.

వార్తల గురించీ అడిగావు, ఫోన్ తెరిస్తే ఒకటే గొడవ పదిసార్లు చూపిస్తోందని. మందు అదే: ఏం చూడాలో జాబితా నీ దగ్గర పెట్టుకో. ఆర్ఎస్ఎస్ అని, వెబ్‌సైట్లు కొత్తగా పెట్టినవాటిని ఫీడ్ అనే జాబితాగా అందించే పద్ధతి 1999 నుంచీ ఉంది, పాడ్‌కాస్టులు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. నచ్చిన పత్రికల ఫీడ్లు వాటిని చదివే ఒక రీడర్ యాప్‌లో వేసుకుంటే వచ్చినవి వచ్చిన వరసలో కనిపిస్తాయి, చదవడం అయిపోతే అయిపోతుంది. 2013 జులైలో గూగుల్ రీడర్ మూతపడ్డప్పుడు నా ఫీడ్ల జాబితాని ఓపీఎంఎల్ ఫైలుగా (ఏ రీడరైనా చదవగల జాబితా ఫైలు) దించుకుని ఇంకో రీడర్‌లో ఎక్కించాను. పది నిమిషాలు పట్టిందేమో.

అన్నిటికంటే ముందు మాత్రం, నీ దగ్గరున్న నాయనమ్మ క్యాసెట్ సంగతి చూడు. దాన్ని ఏ కంపెనీ మళ్లీ విడుదల చెయ్యదు. ప్లేయర్ హెడ్‌ని, అంటే టేపుని తాకి చదివే భాగాన్ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడువు, గోధుమ రంగు మరక అంటడం ఆగేదాకా. పూర్తిగా ఆరాక ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి వేసి చూడు, టేపు నమలకపోతే అప్పుడు నాయనమ్మది. ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టు, ఏళ్లుగా అంటుకుపోయిన చుట్లు వదులవుతాయి. ఏమీ కుదించని వేవ్ ఫైలుగా కంప్యూటర్లో రికార్డు చెయ్యి. గంటకి 600 ఎంబీ పైచిలుకు, ఫర్వాలేదు. ఆవిడ గొంతెత్తే చోట మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టు, ఎర్రగీత తాకి చిట్లిన గొంతుని తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. నాయిస్ తీసే ఫిల్టర్లు కాపీ మీదే వెయ్యి, అసలు ఫైలు జోలికి పోకు.

రెండోవైపు, పాట సగంలో ఎవరో దగ్గుతారు, ఆవిడ పాడటం ఆపి "తలుపు వేసుకో" అంటుంది. దగ్గింది నేనే. అది మాత్రం కత్తిరించకు.

పెదనాన్న