చార్టులో 65, కాంట్రాక్ట్ నోట్‌లో 4,200: నాన్నగారి ఇన్ఫోసిస్ షేర్లు, మీ 6 లక్షలు

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. చంద్రగిరి దగ్గర స్థలం అమ్మితే 6 లక్షలు చేతికొచ్చాయి. పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి, బీటెక్ ఫీజులకు ఈ డబ్బే ఆధారం. ఇప్పుడు నిఫ్టీలో ఉన్న 50 కంపెనీల ధరలు 2020 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఎక్సెల్‌లో పెట్టి, బాగా పెరిగిన ఐదు షేర్లు తీశాను. మొత్తం వాటిలోనే పెట్టాలని ఉంది. ఇంకో అనుమానం. మా నాన్న 2003లో ఇన్ఫోసిస్ షేర్లు 10 కొన్నారు. కాంట్రాక్ట్ నోట్‌లో (కొన్నప్పుడు బ్రోకర్ ఇచ్చిన రసీదు) ఒక్కోటి 4,200 అని ఉంది, యాప్ చార్టులో మాత్రం అప్పటి ధర 65 చూపిస్తోంది. ఏది నిజం? పాత ధరలు ఎక్కడ దొరుకుతాయి, ఎలా వాడుకోవాలి?

జవాబు: రెండూ నిజమే. నాన్నగారు కట్టింది 4,200. యాప్ చూపిస్తున్నది ఆ తర్వాత వచ్చిన బోనస్‌లన్నీ (కంపెనీ ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) లెక్కలోకి తీసుకుని వెనక్కి సర్దిన ధర. ఇన్ఫోసిస్ 2004లో ఒక షేరుకు మూడు బోనస్ ఇచ్చింది, 2006లో ఒకటికి ఒకటి, 2014 డిసెంబరులో మళ్లీ ఒకటికి ఒకటి, 2015 జూన్‌లో, 2018 సెప్టెంబరులో కూడా అంతే. అంటే 10 షేర్లు 40 అయ్యాయి, ఆ 40 వరుసగా 80, 160, 320, చివరికి 640. ఒక షేరు 64 అయింది కాబట్టి 4,200ను 64తో భాగిస్తే 65 రూపాయల చిల్లర వస్తుంది. లెక్క కుదిరింది. నాన్నగారి డీమ్యాట్‌లో (షేర్లు ఉండే ఖాతా) ఇప్పుడు 640 ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. మధ్యలో ఏమీ అమ్మకపోయినా సంఖ్య తగ్గితే ఏదో ఒక బోనస్ అందలేదని అర్థం, వెంటనే కంపెనీ రిజిస్ట్రార్‌కు (వాటాదారుల లెక్కలు చూసే సంస్థ) రాయాలి. కొన్ని యాప్‌లు డివిడెండ్‌ను కూడా వెనక్కి సర్దుతాయి, అక్కడ 65 కంటే తక్కువ కనిపించినా కంగారు పడకండి.

ఈ సర్దుబాటు అర్థం కాకపోతే పాత ధరలతో వేసే ఏ లెక్కా నిలబడదు, అందుకే దీని గురించి ఇంకొంచెం చెబుతాను. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ అనే రెండు స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో పాత ధరలు ఉచితంగా దొరుకుతాయి. షేరు పేరు, తేదీలు ఇస్తే ఓపెన్, హై, లో, క్లోజ్ (ఆ రోజు మొదటి, అత్యధిక, అత్యల్ప, ముగింపు ధరలు), ఎన్ని షేర్లు చేతులు మారాయి, అన్నీ వస్తాయి. ఏ రోజుకు ఆ రోజు మొత్తం మార్కెట్ ధరలు కావాలంటే భవ్‌కాపీ అనే ఫైలు ఉంటుంది. ఎక్స్ఛేంజీ ఇచ్చేది ఆ రోజు నిజంగా జరిగిన ధర, సర్దుబాటు ఉండదు. యాప్‌లు, చార్టింగ్ సైట్లు ఇచ్చేది సర్దినది. ఈ రెండూ ఒకే షీట్‌లో కలిస్తే వింతలు జరుగుతాయి. రిలయన్స్ 2024 అక్టోబరు 28న ఒకటికి ఒకటి బోనస్‌కు ఎక్స్ డేట్ (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ బోనస్ రాదు) అయింది, సర్దని డేటాలో ఆ రోజు షేరు సగానికి పడినట్టు ఉంటుంది, కానీ ఎవరికీ రూపాయి నష్టం రాలేదు. అంతకుముందు 2023 జులై 20న జియో ఫైనాన్షియల్‌ను వేరు చేసినప్పుడు ముందు రోజు 2,841.85 ఉన్న రిలయన్స్ ప్రత్యేక సెషన్‌లో 2,580 దగ్గర తేలింది. ఆ తేడా 261.85 జియో ఫైనాన్షియల్ ధరగా లెక్కకొచ్చింది, వాటాదారులకు ఆ షేర్లు విడిగా అందాయి. ఇది తెలియని వాళ్లు 9 శాతం పతనం అని రాసుకుంటారు. మీ షీట్‌లో ఒక్క రోజులో సగమో, మూడో వంతో పడినట్టు ఎక్కడ కనిపించినా ముందు ఎక్స్ఛేంజీ సైట్‌లోనే కార్పొరేట్ యాక్షన్స్ పేజీ (బోనస్‌లు, విభజనలు ఉండేది) తెరిచి ఆ తేదీ చూడండి.

పేరు మార్పు కూడా గమనించాలి. మన కరకంబాడి అమర రాజా బ్యాటరీస్ 2023లో అమర రాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది, సింబల్ (ఎక్స్ఛేంజీలో షేరుకు వాడే పొట్టి పేరు) కూడా మారింది. పాత భవ్‌కాపీల్లో కొత్త పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

నాన్నగారు అమ్మాలనుకుంటే పన్నుకు మాత్రం సర్దని ధరే కావాలి. 2018 జనవరి 31కి ముందు కొన్న షేర్లకు ఆ రోజు ఎక్స్ఛేంజీలో నమోదైన అత్యధిక ధరను కొన్న ధరగా చూపించుకోవచ్చు (అమ్మిన ధర అంతకంటే తక్కువైతే అమ్మిన ధర వరకే, అసలు కొన్న ధర ఎక్కువైతే అదే). 640లో 320 షేర్లు ఆ తేదీకి ముందువి, వాటిలో అంతకుముందు వచ్చిన బోనస్‌లకూ ఈ సౌకర్యం ఉంది. మిగతా 320 అదే ఏడాది సెప్టెంబరు బోనస్, వాటి కొన్న ధర సున్నా. యాప్ చార్టులో 2018 జనవరి 31 ధర చూస్తే, తర్వాతి బోనస్ వల్ల సగానికి తగ్గించి చూపిస్తుంది. అది తీసుకుని మొదటి 320 అమ్మకానికి లెక్క వేస్తే కొన్న ధర సగమైపోయి పన్ను అనవసరంగా పెరుగుతుంది. డీమ్యాట్‌లో ముందు వచ్చినవే ముందు అమ్మినట్టు లెక్క. ఏడాదిలో 1.25 లక్షల దాకా దీర్ఘకాలిక లాభానికి పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. తొందర లేకపోతే మార్చిలో కొన్ని, ఏప్రిల్‌లో కొన్ని అమ్మితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపు కలిసొస్తుంది.

ఇక మీ ఐదు షేర్ల షీట్. మీ కష్టం కనిపిస్తోంది, కానీ అది తయారైన తీరులోనే ఫలితం రాసిపెట్టి ఉంది. 2020 మార్చి 23న సెన్సెక్స్ (బీఎస్‌ఈలోని 30 పెద్ద కంపెనీల ఇండెక్స్, అంటే సూచీ) 25,981 దగ్గర ముగిసింది, అదే ఏడాది జనవరిలో 41,900 పైన ఉంది. మీరు లెక్క మొదలుపెట్టింది ఆ గుంత అడుగు నుంచి, అక్కడి నుంచి చూస్తే దాదాపు ఏ షేరైనా బంగారంలాగే కనిపిస్తుంది. ఇదే మాట పాత అంకెల్లో చూడండి. 2009 మార్చి 9న 8,160 దగ్గర ఉన్న సెన్సెక్స్ 2014 మార్చి ఆఖరుకు 22,386 అయింది, ఏటా సుమారు 22 శాతం రాబడి. అదే సెన్సెక్స్‌ను 2008 జనవరి 8న, 20,873 దగ్గర కొన్నవాడికి 2014 మార్చి ఆఖరుకు, అంటే ఆరేళ్లు దాటాక, మొత్తం కలిపి 7 శాతం. డివిడెండ్లు కలిపితే ఇంకొంచెం. మార్కెట్ ఒకటే, ముగింపు తేదీ ఒకటే, మారింది మొదలుపెట్టిన తేదీ మాత్రమే. మీ పాప ఫీజు ఏ తేదీకి కట్టాలో కాలేజీ చెబుతుంది, మార్కెట్ కోసం ఆగదు కదా.

రెండో లోపం ఇంకా లోతైనది. మీరు ఇప్పటి నిఫ్టీ జాబితా తీసుకున్నారు. అంటే నిలబడినవాళ్లలోంచే ఏరారు. సత్యం, యూనిటెక్, సుజ్లాన్, రిలయన్స్ కమ్యూనికేషన్స్, జైప్రకాశ్ అసోసియేట్స్, యెస్ బ్యాంక్, ఇవన్నీ ఒకప్పుడు నిఫ్టీలో ఉన్నవే. 2007 చివర ఇదే పద్ధతిలో షీట్ వేసి ఉంటే యూనిటెక్ మీకు పైవరుసలో కనిపించేది. 2008 జనవరిలో 500 దాటిన ఆ షేరు అదే ఏడాది నవంబరుకు 50 లోపుకు వచ్చింది. దామలచెరువు మండీలో ముందు ఏడాది తోతాపురి ధర చూసి ధైర్యంగా తోట కౌలుకు తీసుకున్నవాళ్లకు 2025లో ఏమైందో మన జిల్లాలో అందరికీ తెలుసు, కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలు వచ్చేలా చూడాల్సి వచ్చింది. షేరు పాత ధరకూ అంతే బలం ఉంది.

మరి ఈ డేటా దేనికి పనికొస్తుందంటే, ఎంత పడగలదో చూసుకోవడానికి. ఇందులో దానికి మించింది లేదు. ప్రతి తేదీకీ అప్పటివరకు ఉన్న గరిష్ఠం రాసి, అక్కడి నుంచి ఎంత శాతం కింద ఉందో పక్క కాలమ్‌లో వేయండి. సెన్సెక్స్ 2008–09లో 61 శాతం దిగింది, 2020లో రెండు నెలల్లోనే 38 శాతం. మీ 6 లక్షలు 2.34 లక్షలుగా ఫోన్‌లో కనిపిస్తుంటే, ఇంట్లో ఫీజు మాట నడుస్తుంటే, అమ్మకుండా ఉండగలరా? నిజాయితీగా ఆలోచించండి. ఇది ఇండెక్స్ లెక్క, ఐదు షేర్లయితే దెబ్బ ఇంకా పెద్దదే కావచ్చు.

రాబడి చూడాలనుకుంటే ఒక్క తేదీ నుంచి ఒక్క తేదీకి కాదు, ప్రతి నెలా మొదలుపెట్టినట్టు వేసి ప్రతిదానికీ మూడేళ్ల రాబడి, ఏడేళ్ల రాబడి లెక్కగట్టండి. దీనికి నిఫ్టీ ఇండెక్స్‌ల సైట్‌లో టోటల్ రిటర్న్ ఇండెక్స్ డేటా తీసుకోండి, డివిడెండ్లు కలిసి ఉంటాయి. మ్యూచువల్ ఫండ్లు తమ పనితీరును దీనితోనే పోల్చి చూపించాలని 2018 ఫిబ్రవరి 1 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన కూడా ఉంది. మూడేళ్ల కాలమ్‌లో మైనస్‌లు ఎన్ని ఉన్నాయో, ఏడేళ్ల దాంట్లో ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెడితే నేను చెప్పేదానికంటే గట్టిగా అర్థమవుతుంది.

నా సలహా ఇది. ఐదు షేర్ల ఆలోచన ఈ డబ్బుతో వద్దు. పాపకు బీటెక్ మొదలయ్యేది నాలుగేళ్లలోపే. మొదటి రెండేళ్ల ఫీజు, హాస్టల్ అంచనా వేయండి, 4 లక్షలు అనుకుంటే ఆ 4 లక్షలు బ్యాంకు ఎఫ్‌డీలోనో పోస్టాఫీసు టైమ్ డిపాజిట్‌లోనో ఉండాలి, అదీ ఒకే ముక్కగా కాకుండా ఒక్కో ఏడాది ఫీజు గడువుకు నెల ముందు చేతికొచ్చేలా విడివిడిగా వేయండి. మిగిలిన 2 లక్షలు మూడో, నాలుగో ఏడాది కోసం, నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ 50 కంపెనీల్లోనే డబ్బు పెట్టే ఫండ్) ఏడాది పాటు నెలనెలా సమానంగా పెట్టండి. పాప ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చాక ఏడాదికి కొంత చొప్పున దాన్ని కూడా డిపాజిట్‌లోకి మార్చుతూ రండి, ఆ సమయానికి మార్కెట్ ఎంత జోరుగా ఉన్నా సరే.