వాడిన డిస్కులు, రెయిడ్ ఇన్‌స్టలేషన్: మీ ప్రశ్నలు

ప్రశ్న: కిక్‌స్టార్ట్ ఫైలుతో (లినక్స్ ఇన్‌స్టలేషన్‌ను తనంతట తానే నడిపే సూచనల ఫైలు) రెండు డిస్కుల మీద సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంచే పద్ధతి) వేస్తున్నాం. కొత్త డిస్కులైతే ఇబ్బంది లేదు. వాడిన సర్వర్‌కు మళ్లీ వేయబోతే డిస్కు బిజీ అంటూ ఆగిపోతోంది. ఫైల్లో పాత పార్టిషన్లు తీసేసే క్లియర్‌పార్ట్ ఆదేశం ఉంది కదా?

జవాబు: ఇన్‌స్టాలర్ బూట్ కాగానే పాత రెయిడ్ సూపర్‌బ్లాకులు (రెయిడ్ వివరాలు రాసుండే చోట్లు) చూసి, ఆ అర్రేని (రెయిడ్‌గా కలిపిన డిస్కుల జట్టుని) తనంతట తానే మొదలుపెట్టేస్తుంది. ఎండీ127 అన్న పేరు కనిపిస్తే అదే. పార్టిషన్లు దాని చేతిలో ఉన్నంతసేపు కెర్నెల్ కొత్త పార్టిషన్ టేబుల్‌ని ఒప్పుకోదు. క్లియర్‌పార్ట్‌నే నమ్ముకోకండి. ఇన్‌స్టలేషన్‌కు ముందు నడిచే ప్రీ స్క్రిప్టులో ముందు ఎండీఏడీఎం (రెయిడ్‌ను నడిపే కమాండ్) స్టాప్‌తో అర్రేని ఆపి, ఒక్కో పార్టిషన్ మీద జీరో సూపర్‌బ్లాక్ నడిపి, చివర్లో డిస్కు మొత్తానికి పాత గుర్తులు చెరిపే వైప్‌ఎఫ్ఎస్ కొట్టండి. ఈ వరస తప్పితే మొదటికొస్తుంది. టేబుల్ ముందే చెరిపేస్తే పార్టిషన్ పోతుంది గానీ లోపలి సూపర్‌బ్లాక్ అలాగే ఉంటుంది. సూపర్‌బ్లాక్ (మెటాడేటా) 1.2 ఫార్మాట్‌లో దాని చోటు పార్టిషన్ మొదటి నుంచి 4 కేబీ దగ్గర. కొత్త పార్టిషన్ కూడా పాతదానిలాగే 2048వ సెక్టార్ దగ్గర మొదలైందంటే పాత అర్రే మళ్లీ లేచి కూర్చుంటుంది.

ఇంకోటి, డిస్కులకు లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్ బూట్‌కీ మారొచ్చు. డిస్కుల్ని మారని బై-ఐడీ పేర్లతో రాసి, కిక్‌స్టార్ట్‌లోని ఇగ్నోర్‌డిస్క్ ఓన్లీ-యూజ్ ఆదేశంతో ఆ రెండింటికే కట్టేయండి. లేకపోతే ఇన్‌స్టలేషన్‌కు పెట్టిన పెన్‌డ్రైవే తుడిచిపెట్టుకుపోవచ్చు!

ప్రశ్న: మొదటి డిస్కు తీసి చూస్తే సర్వర్ బూట్ కాలేదు. యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్ ఫర్మ్‌వేర్) మెషీన్. రూట్, బూట్ పార్టిషన్లు రెండూ రెయిడ్ 1లోనే ఉన్నాయి.

జవాబు: బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ మొదటి డిస్కులో మాత్రమే ఉండుంటుంది. ఫర్మ్‌వేర్‌కు రెయిడ్ తెలీదు, దానికి కావాల్సింది మామూలు ఫ్యాట్ పార్టిషన్. దీన్నీ రెయిడ్ 1లో పెట్టొచ్చు, కాకపోతే మెటాడేటా 1.0 అయి ఉండాలి. అందులో సూపర్‌బ్లాక్ పార్టిషన్ చివర్న ఉంటుంది కాబట్టి ఫర్మ్‌వేర్‌కు ముందంతా ఫ్యాట్‌లాగే కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్ గనక ఒక కాపీలో ఏదైనా రాస్తే రెండు కాపీలూ వేరైపోతాయి, ఎండీకి (లినక్స్ రెయిడ్ డ్రైవర్‌కి) ఆ సంగతే తెలీదు. అయినా చేత్తో కాపీ చేసే రెండు విడి ఈఎఫ్ఐ పార్టిషన్ల కంటే ఇదే మేలు. అక్కడ గ్రబ్ (బూట్‌లోడర్) అప్‌డేట్ మౌంట్ అయిన దానికే అందుతుంది, రెండోది పాతబడుతుంది. ఏ దారిలో వెళ్లినా ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో రెండు డిస్కులకూ బూట్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి.

మళ్లీ డిస్కు లాగి పరీక్షించే ముందు ఎండీస్టాట్ (రెయిడ్ స్థితి చూపే ఫైలు) చూడండి. రెండు డిస్కులూ పనిలో ఉన్నాయని చెప్పే రెండు యూలు (UU) కనిపించి, రీసింక్ (రెండు కాపీల్నీ ఒకటి చేసే పని) లైను మాయమయ్యాకే చెయ్యి పెట్టండి. ఇన్‌స్టలేషన్ అయ్యాక కూడా మొదటి రీసింక్ వెనక నడుస్తూనే ఉంటుంది. అది పూర్తయ్యేదాకా రెండు కాపీలూ పూర్తిగా ఒకేలా ఉన్నాయన్న హామీ లేదు.