చెట్టు వేరు బండను కరిగిస్తుందా?

ప్రశ్న: మా చెల్కలో తాతల నాటి బావి ఉంది. పైన ఎర్రమట్టి, కింద మొరం, ఇంకా కిందికి పోతే బండ. ఆ బండ పగులులో రావి చెట్టు మొలిచింది. వేరు దిగిన మేర రాయి తెల్లబడి, గోటితో గీకితే రాలుతోంది. వేరు యాసిడ్ వదిలి రాయిని కరిగిస్తుందని మా మనవడు అంటున్నాడు. అట్లయితే పొలం మధ్యలో ఉన్న గుండు మీద నిమ్మరసం పోస్తే మెత్తబడుతుందా సారూ?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: ముందు నిమ్మరసం సంగతి తేల్చేద్దాం. నకిరేకల్ మార్కెట్‌కు వచ్చిన కాయలన్నీ పిండినా మీ గుండు మెత్తబడదు. పచ్చడికి నిమ్మకాయలు కోస్తుంటే రసం తాండూరు బండల మీద పడిందనుకోండి, నిగారింపు పోయి మచ్చ మిగులుతుంది. గ్రానైట్ గట్టు మీద పడితే తుడిస్తే సరి. తాండూరు బండ సున్నపురాయి, పులుపు తగిలితే చాలు కరుగుతుంది. మీ గుండు లాంటి గ్రానైట్‌లో ఉన్నవి సిలికేట్లు, అంటే సిలికా అల్లికతో గట్టిపడ్డ ఖనిజాలు, అంత తేలిగ్గా లొంగవు.

గుండు పెచ్చు ఒకటి ఎండలో పట్టుకుని చూడండి. గాజులా కనిపించేది క్వార్ట్జ్, తెల్లగానో గులాబీ రంగులోనో ఉన్నది ఫెల్డ్‌స్పార్, మెరిసే నల్ల రేకులు మైకా. ముందు చెడేది నల్ల మైకా. అందులోని ఇనుము తుప్పు పట్టి, రేకులు ఉబ్బి, పక్క గింజలను విడదీస్తాయి. మొరం అట్లా తయారవుతుంది. చెల్క ఎరుపు కూడా ఆ తుప్పుదే. ఫెల్డ్‌స్పార్ కథ వేరు. నీళ్లలోని ఆమ్లం దాన్లోంచి పొటాషియం, సోడియం, కాల్షియంలను బయటికి నెట్టేస్తే మిగిలేది సుద్దలాంటి బంకమట్టి. మీరు గీకిన తెల్ల పొడిలో ఎక్కువ భాగం అదే అయ్యుంటుంది.

ఆమ్లం ఎక్కడిదంటారా? గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలవడంతో వాన నీటి పీహెచ్ (పులుపు కొలత, 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) 5.6 దగ్గర ఉంటుంది. వేర్లు, సూక్ష్మజీవులు ఊపిరి వదలడం వల్ల మట్టిలో ఆ వాయువు బయటికంటే 10 నుంచి 100 రెట్లు ఉంటుంది. పెద్ద పని దీనిదే. మీ మనవడు చెప్పిన యాసిడ్లు, అంటే ఆక్సాలిక్, సిట్రిక్ లాంటివి, వేరు కొసల నుంచీ వాటిని అంటుకున్న శిలీంధ్రాల నుంచీ వస్తాయి. వీటిలో పులుపుతో పాటు పట్టు కూడా ఉంది. ఫెల్డ్‌స్పార్‌లోని అల్యూమినియాన్ని పట్టుకుని లాగేస్తాయి, దాంతో సిలికా అల్లిక వదులవుతుంది. ల్యాబ్‌లో గాఢంగా కలిపితే కరిగే వేగం కొన్ని రెట్లు పెరుగుతుంది. మట్టి నీటిలో మాత్రం ఇవి బాగా పలుచన, పైగా సూక్ష్మజీవులు తొందరగా తినేస్తాయి. కాబట్టి వీటి జోరంతా వేరును ఆనుకున్న సన్నని పొరలోనే.

ఒక లెక్క చూడండి. పీహెచ్ 5 నీళ్లలో ఒక మిల్లీమీటరు సోడియం ఫెల్డ్‌స్పార్ గింజ పూర్తిగా కరగడానికి 5 లక్షల ఏళ్లు దాటుతుందని ల్యాబ్ వేగాలను బట్టి అంచనా. క్వార్ట్జ్‌కైతే 3 కోట్ల ఏళ్ల పైమాటే. మరి మీ రావి చెట్టు వయసెంత? నన్నడిగితే, ఆ పగులులో నీళ్లు దిగి దిగి రాయి ఎప్పుడో కుళ్లింది. వేరు తడి వెతుక్కుంటూ తర్వాత వచ్చింది. ఇప్పుడు అది పగులును ఇంకా వెడల్పు చేస్తుంది, బావి గోడ జాగ్రత్త.

ప్రశ్న: ఆమ్లమే రాయిని తింటే మా బోరు నీళ్లు పుల్లగా ఉండాలి గదా? టెస్టులో పీహెచ్ 8 వచ్చింది. ఫ్లోరైడ్ కూడా ఉందన్నారు.
– ఒక పాఠకురాలు, మర్రిగూడ

జవాబు: ఆమ్లం రాయి మీదే ఖర్చైపోయిందమ్మా. ఫెల్డ్‌స్పార్‌తో తలపడ్డాక నీళ్లలో మిగిలేవి సోడియం, బైకార్బనేట్, అందుకే పీహెచ్ పెరుగుతుంది. అలాంటి నీటిలో కాల్షియం సున్నపు గడ్డలుగా పేరుకుపోతుంది. ఫ్లోరైడ్‌ను కట్టిపెట్టగలిగేది ఆ కాల్షియమే. అది తగ్గాక, మైకా లాంటి ఖనిజాల నుంచి వచ్చిన ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. పటిక, సున్నం వేసి దాన్ని తేర్చే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అన్నారు. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. బోరు నీళ్లు కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.