బ్యాటరీ లేని సెన్సర్ రసాయన ఆవిరిని ఎలా పసిగడుతుంది?

దానికి కావలసిన శక్తి, చదివే పరికరం నుంచే వస్తుంది. ఫోనులోని ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరి వస్తువులతో తీగ లేకుండా సమాచారం పంచుకునే ఏర్పాటు) 13.56 మెగాహెర్ట్జ్ వద్ద అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది; దగ్గరకు తెచ్చిన ట్యాగులోని, అంటే సెన్సర్‌గా పనిచేసే చిన్న బిళ్ళలోని, తీగచుట్టలో ఆ క్షేత్రం విద్యుత్తును కలిగించి చిప్పును మేల్కొలుపుతుంది.

మరి ఆవిరిని పట్టేదెవరు? నాకు ముచ్చటగొలిపే భాగం ఇదే. 2014లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త టిమోతీ స్వేగర్ బృందం మామూలు ట్యాగు సర్క్యూట్‌కు చిన్న చిల్లు పెట్టి, తెగిన చోటును కార్బన్ నానోట్యూబులు (కంటికి కనిపించనంత సన్నని కార్బన్ గొట్టాలు) ఉన్న పెన్సిల్‌తో గీసి కలిపింది! అమ్మోనియా వంటి ఆవిరి తగిలితే ఆ గీత విద్యుత్ నిరోధం మారి, ట్యాగు శ్రుతి తప్పుతుంది. ఫోను దాన్ని చదవలేకపోవడమే ఆవిరి ఉందనడానికి గుర్తు.

అయితే ఫోనును కొన్ని సెంటీమీటర్ల దగ్గరకు తేవాలి. పైగా గాలిలోని తేమ కూడా నానోట్యూబులను తికమక పెడుతుంది.