రెండేళ్ళ పాపతో టెంట్‌లో రాత్రి గడపగలమా?

ప్రశ్న: మేడమ్, మాది కూకట్‌పల్లి. బాబుకి ఐదేళ్ళు, పాపకి రెండు నిండి మూణ్ణెల్లు. మావారి ఆఫీసులో వాళ్ళందరూ గండికోట వెళ్ళొచ్చి ఫొటోలు పెట్టారు, అప్పట్నుంచి ఈయనది ఒకటే గోల, డిసెంబర్‌లో మనమూ వెళ్దాం టెంట్ కొనేద్దాం అని. మా అత్తయ్యేమో "పసిపిల్లల్ని తీసుకెళ్ళి కొండల్లో పడుకోబెడతారా, ఇంట్లో మంచాలు లేవా" అని రెండ్రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. వెళ్దామన్నది వాళ్ళబ్బాయి, అలక మాత్రం నా మీద. నిజంగా ఈ వయసు పిల్లలతో కుదురుతుందా? ఏమేం తీసుకెళ్ళాలి?

జవాబు: కుదురుతుందండీ, కానీ మొదటిసారికి గండికోట వద్దు. పెన్నా నది కోసుకుంటూ పోయిన లోయ అది, చూడ్డానికి అద్భుతమే, నేను కాదనను, కానీ ఆ బండల అంచున పట్టుకోడానికి ఏమీ ఉండదు, మీ పాపదేమో చెయ్యి విదిలించుకుని పరిగెత్తే వయసు. అందరూ సూర్యోదయం చూస్తుంటే మీరు పాప జబ్బ పట్టుకుని కూర్చోవాలి. పైగా హైదరాబాద్ నుంచి జమ్మలమడుగు దాటి అక్కడికి చేరాలంటే పెద్దవాళ్ళకే ఏడెనిమిది గంటలు, పిల్లలతో అయితే పాలకి ఒకసారి, పాస్‌కి మూడుసార్లు, వాంతికి ఒకసారి ఆగుతూ వెళ్తే దిగేసరికి చీకటి పడుతుంది. చీకట్లో ఒకళ్ళు టార్చ్ పట్టుకుని, ఒకళ్ళు మేకులు కొడుతూ, ఇద్దరు పిల్లలు ఏడుస్తూ... వద్దు తల్లీ.

పెద్దవాళ్ళం వ్యూ చూసి చోటు ఎంచుకుంటాం, పిల్లలకి వ్యూతో పనిలేదు. రెండేళ్ళ పిల్లకి గండికోట అయినా మీ అపార్ట్‌మెంట్ వెనక ఇసకకుప్ప అయినా ఒకటే, ఇసక ఉంటే చాలు. అందుకని మీరు ప్లాన్ చేసుకోవాల్సింది పగలు కాదు, రాత్రి. ఎక్కడ పడుకుంటారు, మధ్యలో లేస్తే ఏం చేస్తారు, పాస్‌కి ఎక్కడికి తీసుకెళ్తారు, ఇవి తేలితే మిగతాదంతా అదే నడుస్తుంది.

టెంట్ కొన్నాక మొదటి రాత్రి మీ డాబా మీదే వేసి పడుకోండి, జోక్ కాదు. మీ అత్తయ్యగారిని కూడా పిలవండి, ఆవిడ చిన్నప్పుడు ఎండాకాలమంతా డాబా మీద బకెట్లతో నీళ్ళు చల్లి పక్కలేసుకుని పడుకునే ఉంటారు, ఆరుబయట పడుకోవడం ఆవిడకి మనకంటే బాగా తెలుసు. మేం ఈ పని చెయ్యకుండా మా వాడిని మూడేళ్ళప్పుడు డైరెక్ట్‌గా అనంతగిరికి తీసుకెళ్ళాం. తొమ్మిదికల్లా పడుకోవాల్సినవాడు పదకొండైనా దొర్లుతూనే ఉన్నాడు, ఆకలా అంటే కాదు, చలా అంటే కాదు, భయమా అంటే కాదు. చివరికి వాడే అన్నాడు, "అమ్మా, ఫ్యాన్ ఏది" అని. పుట్టినప్పట్నుంచి ఫ్యాన్ సౌండ్‌లో పడుకున్న పిల్లాడు, ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టట్లేదు వాడికి! మావారు ఫోన్‌లో ఫ్యాన్ చప్పుడు వెతికి పెడితే పది నిమిషాల్లో పడుకున్నాడు. మీవాళ్ళకి ఏ పిచ్చి ఉందో డాబా మీద తెలిస్తే నాలుగు మెట్లు దిగి ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు, అడవిలో తెలిస్తే ఎక్కడికి వెళ్తారు?

డాబా పాసయ్యాక అనంతగిరి వెళ్ళండి. వికారాబాద్ పక్కనే, మీకు 80 కిలోమీటర్లు అటూఇటూ, మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. టెంట్ మాత్రం అడవిలో మీకు నచ్చిన చోట వేసుకోవద్దు, పర్మిషన్ ఉండి, బాత్రూమ్ ఉండి, రాత్రి ఒక మనిషి కాపలా ఉండే క్యాంప్ సైట్ చూసుకోండి, కారు టెంట్ పక్కదాకా రావాలి. మరీ తేడా కొడితే అర్ధరాత్రి సర్దుకుని ఇంటికి వచ్చేసేంత దూరం అది. మేం ఒకసారి వచ్చేశాం కూడా, రెండున్నరకి, సిగ్గేం పడలేదు. మధ్యాహ్నం మూడుకల్లా అక్కడుండేలా బయల్దేరండి, డిసెంబర్‌లో ఆరుకి ముందే పొద్దు కుంకుతుంది.

టెంట్ వేశాక నేను చేసే పని ఒకటుంది, చుట్టూ ముగ్గుపిండితో పెద్ద గీత గీస్తాను. ఆ గీత దాటాలంటే అమ్మ చెయ్యో నాన్న చెయ్యో పట్టుకోవాలి, అదీ రూల్. ఐదేళ్ళవాడికి లక్ష్మణరేఖ కథ చెప్తే చాలు, వాడే చెల్లికి కాపలా కాస్తాడు, వాడి మెడలో ఒక విజిల్ వేసి "తప్పిపోతే కదలకుండా నిలబడి ఊదాలి" అని చెప్పండి (మొదటి గంట ఊరికే ఊదుతాడు, భరించాలి). చిన్నది గీతనీ పట్టించుకోదు కథనీ పట్టించుకోదు, దాని వెనక ఎప్పుడూ ఒకళ్ళు ఉండాల్సిందే, మీ ఇద్దరూ అరగంటకొకరు చొప్పున డ్యూటీ పంచుకోండి, లేకపోతే ఆయన చూస్తున్నారని మీరూ, మీరు చూస్తున్నారని ఆయనా అనుకుంటారు.

వంట పెట్టుకోవద్దు. మొదటి రాత్రికి ఇంటి నుంచే పులిహోర, పెరుగన్నం తీసుకెళ్ళండి, పెరుగన్నం పులవకుండా ఉండాలంటే గోరువెచ్చటి అన్నంలో పాలు పోసి కాస్త తోడేసి డబ్బాలో పెడితే తినే టైమ్‌కి తోడుకుంటుంది, మన అమ్మలు రైలు ప్రయాణాలకి చేసిందే. తాగే నీళ్ళ క్యాన్ ఒకటి ఎక్కువే పెట్టుకోండి. తినేది మాత్రం టెంట్ బయటే, లోపల ఒక్క బిస్కెట్ ముక్క రాలినా తెల్లారేసరికి గండుచీమలు క్యూ కడతాయి. పాపకి అలవాటైన పాటీ సీటు తీసుకెళ్ళండి, బరువని వదిలేస్తే కొత్త బాత్రూమ్ చూసి బిగబట్టేస్తుంది.

ఇక మీ అత్తయ్యగారి భయంలో నిజమున్న సగం. కట్లపాము రాత్రిళ్ళు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, కరిచినా పెద్దగా నొప్పి ఉండదు, గాటు కూడా ఒక్కోసారి కనిపించదు. అందుకే టెంట్ జిప్ పగలైనా రాత్రైనా పూర్తిగా మూసే ఉండాలి, ఇందులో బేరాల్లేవు. చెప్పులూ బూట్లూ లోపలే పెట్టుకోండి, వేసుకునేముందు దులపండి, రాత్రి టార్చ్ లేకుండా అడుగు బయట పెట్టొద్దు. రాత్రి పిల్ల లేచి కడుపునొప్పి అని ఏడుస్తూ, కనురెప్పలు వాలిపోతూ, మింగలేకపోతుంటే అజీర్తి అనుకుని వాము నీళ్ళు పట్టకండి, తిన్నగా హాస్పిటల్‌కే. కట్లు కట్టడం, కోయడం, పసరు పొయ్యడం ఏదీ వద్దు. దగ్గర్లో పాము మందు ఉన్న ప్రభుత్వాసుపత్రి ఏదో బయల్దేరేముందే 108 వాళ్ళనో క్యాంప్ వాళ్ళనో అడిగి రాసుకోండి, ఆ కాగితం మీ అత్తయ్యగారి చేతికి కూడా ఒకటి ఇవ్వండి, సగం అలక దానితోనే పోతుంది చూడండి.

ప్రశ్న: మాది నర్సీపట్నం అండి. జనవరిలో లంబసింగి వెళ్ళి టెంట్లో ఉందామనుకుంటున్నాం, బాబుకి తొమ్మిది నెలలు. చలికి కుంపటి లోపల పెట్టుకుంటే సరిపోతుందని మా బావ అంటున్నాడు. మంకీ క్యాప్, స్వెటర్లు అన్నీ ఉన్నాయి.

జవాబు: కుంపటి మాట మళ్ళీ ఎత్తనివ్వకండి మీ బావగారిని! బొగ్గులు ఆరిపోయినట్టు కనిపించినా లోపల రాజుకుంటూనే ఉంటాయి, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కళ్ళు మండవు, మూసిన టెంట్‌లో పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. టెంట్ లోపల కుంపటి, గ్యాస్ స్టవ్, హీటర్ ఏదీ వద్దు, కాసేపు కూడా.

ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది తెలుసుగా, రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట. జనవరిలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి వెళ్ళే చోట తొమ్మిది నెలల పిల్లాడికి టెంట్ వద్దనే అంటాను. నర్సీపట్నం నుంచి మీకు దగ్గరే కదా, తెల్లారగట్ల బయల్దేరి మంచు చూసి, టీ తాగి వచ్చెయ్యండి, లేదంటే రూమ్ తీసుకోండి. ఏడాదిలోపు పిల్లలకి చలని రగ్గుల మీద రగ్గులు కప్పితే అవి నిద్రలో ముఖం మీదికి వస్తాయి, పెద్దాళ్ళ స్లీపింగ్ బ్యాగ్‌లో పెడితే లోపలికి జారిపోతారు.

వచ్చే ఏడాది, వాడికి రెండు దగ్గర పడ్డాక వెళ్ళండి. అప్పుడు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి, చలి పైనుంచి కంటే కిందనుంచే ఎక్కువ లాగుతుంది. టార్పాలిన్, దాని మీద చాప, దాని మీద బొంత, ఆ పైన పక్క. మూడు రగ్గులుంటే రెండు కిందే వెయ్యమంటాను నేను. ఏజెన్సీ కాబట్టి దోమతెర తప్పదు, తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే మలేరియా టెస్ట్ చేయించండి, ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టర్‌కి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. దోమలు కుట్టకుండా ఒళ్ళంతా లెమన్ యూకలిప్టస్ ఆయిల్ రాస్తే చాలని ఎవరైనా చెప్తారు, అది మూడేళ్ళలోపు పిల్లలకి వాడకూడదు.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. అమ్మానాన్న వచ్చారు, అదృష్టం కొద్దీ యోసెమిటీలో క్యాంప్ సైట్ దొరికింది. పాపకి మూడేళ్ళు. ఎలుగుబంట్లు వస్తాయంటున్నారు, అమ్మేమో ఆవకాయ లేకుండా రానంటోంది, తీసుకెళ్ళొచ్చా?

జవాబు: భేషుగ్గా తీసుకెళ్ళండి, కాకపోతే టెంట్‌లో కాదు. అక్కడ ప్రతి సైట్‌కీ ఒక ఇనప లాకర్ ఉంటుంది, తిండే కాదు, వాసన వచ్చేది ఏదైనా అందులోకే వెళ్ళాలి. టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, పాప వైప్స్, డైపర్ క్రీమ్, సీల్ తియ్యని ఆవకాయ సీసా కూడా. చీకటి పడ్డాక కారులో పెట్టడం కూడా కుదరదు, తలుపు ఊడబీకే ఎలుగులు ఉన్నాయి అక్కడ. అందరూ మర్చిపోయేది కార్ సీటు. మూడేళ్ళ పిల్ల కూర్చున్న సీటు సందుల్లో ఎన్ని బిస్కెట్ ముక్కలుంటాయో మీకు నేను చెప్పాలా, బయల్దేరేముందే దాన్ని విప్పి వాక్యూమ్ చెయ్యండి. ఎండాకాలమైనా రాత్రి చలేస్తుంది, స్వెటర్లు మర్చిపోకండి, అమ్మానాన్నలకి మడత మంచాలు తీసుకెళ్ళండి, మోకాళ్ళ నొప్పులతో నేల మీంచి లేవడం వాళ్ళకి కష్టం.

ఇంకోటి, అమ్మ తలగడ కింద అమృతాంజనం సీసా ఉంటుంది. ఆవిడ చెప్పరు, మీరే అడిగి తీసుకుని లాకర్‌లో పెట్టండి.