రూ.6,800 లిస్టులో కొనాల్సినవి ఏవి?

ప్రశ్న: మాది తాడిపత్రి. బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. బొమ్మలు బాగా గీస్తుంది, బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) చేస్తానంటోంది. డ్రాయింగ్ నేర్పే ఒకాయన విదేశీ స్కెచ్‌బుక్కు, 24 పెన్సిళ్ల పెట్టె, 36 రంగుల వాటర్ కలర్ సెట్టు, ఫిక్సేటివ్ స్ప్రే (గీసిన బొమ్మ చెదరకుండా కొట్టేది), ఈజిల్ (బొమ్మ గీసే స్టాండు) కలిపి రూ.6,800 లిస్టు రాసిచ్చారు. అన్నీ కొనాలా? ఎంపీసీ మాన్పించాలా? ఇంట్లో రోజూ ఏం గీయమనాలి?

జవాబు: ముందు చదువు సంగతి. ఎంపీసీ మాన్పించకండి. బీఎఫ్‌ఏకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. రేపు మనసు ఆర్కిటెక్చర్ మీదికి మళ్లితే మాత్రం లెక్కలు లేనిదే కుదరదు. బీఎఫ్‌ఏ నాలుగేళ్లు, బీఆర్క్ ఐదేళ్లు. తాడిపత్రిలో రైలెక్కితే నేరుగా కడప చేరవచ్చు. 2020లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ అక్కడే ఉంది, బీఎఫ్‌ఏ ఉంది. ప్రవేశాలకు ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏడు చదువుకోండి. డిజైన్ కోర్సుల కోసం ఐఐటీ బాంబే నిర్వహించే ప్రవేశ పరీక్ష యూసీడ్‌లోనూ కంప్యూటర్ మీద రాసే భాగంతో పాటు కాగితం మీద చేత్తో గీసే భాగం ఉంటుంది. ఈ దారుల్లో దేనికైనా అమ్మాయికి ఇప్పటి నుంచి కావాల్సింది తేదీలతో నిండిన స్కెచ్‌బుక్కులు. లిస్టులోని సామాన్లలో చాలా వరకు దానికి అడ్డే.

ఎందుకంటారా? ఖరీదైన పుస్తకం చేతికిస్తే పిల్లలు పేజీ పాడవుతుందని భయపడతారు. ముందు రఫ్ పేపరు మీద గీసి, అది బాగుంటే ఇందులోకి ఎక్కిస్తారు. స్కెచ్‌బుక్కు కాస్తా పెళ్లి ఆల్బమ్ అవుతుంది. తప్పుగీతలు కనబడని పుస్తకంలో పిల్ల ఎలా చూస్తోందో, ఎక్కడ సరిచేసుకుందో తెలియదు. కాబట్టి రోజువారీ పనికి మామూలు పేపరు ఎక్కువగా, మంచి పేపరు కొద్దిగా కొనండి.

పెన్సిల్‌కు, పెన్నుకు 130 నుంచి 150 జీఎస్‌ఎం కార్ట్రిడ్జ్ పేపరు (కాస్త గరుకుగా ఉండే డ్రాయింగ్ కాగితం) చాలు. జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో. 16 ఏ4 షీట్లు కలిపితే దాదాపు ఒక చదరపు మీటరు. అందుకని 16 విడి షీట్లను కాటాలో పెడితే ఎన్ని గ్రాములు తూగితే అన్ని జీఎస్‌ఎం. ఏ3 అయితే 8 షీట్లు. కవరు మీద 150 అని అచ్చువేసి లోపల 110 పెట్టారేమో ఈ తూకంలో బయటపడుతుంది. గ్రాముల కాటా కావాలి, కూరగాయల కాటాలో తేలదు.

బరువొక్కటే చూస్తే సరిపోదు. ఒక షీటు కొని మూడు పనులు చేయండి. నీటి చుక్క వేయండి: క్షణాల్లో ఇంకి వెనక మచ్చ తేలితే కాగితానికి జిగురుపూత తక్కువ, ఇంకు గీత అంచులు పాకుతాయి. 4బి పెన్సిల్‌తో (బి ముందు అంకె పెరిగేకొద్దీ లెడ్డు మెత్తన, గీత నలుపు) రూపాయి బిళ్లంత నల్లగా రుద్ది, మూడుసార్లు చెరిపి చూడండి: నూగు లేస్తే ఆ చోట మళ్లీ గీసినప్పుడు మరకలు పడతాయి. వెలుతురుకు ఎత్తి పట్టండి: మబ్బుల్లా మందం, పలచన కనిపిస్తే షేడింగ్ సమంగా రాదు. స్టేషనరీ షాపులో డ్రాయింగ్ షీటు అడిగితే ఒక్కోసారి నున్నటి చార్టు చేతిలో పెడతారు. దానికి పెన్సిల్ పొడిని పట్టుకునే గరుకుదనం లేదు, 6బి జారిపోతుంది. ఐవరీ షీటూ అంతే, పెన్నుకు పనికొస్తుంది గానీ పెన్సిల్ షేడింగ్‌కు కాదు.

పుస్తకాలు రెండు: సంచిలో పెట్టుకోవడానికి ఏ5, ఇంట్లోకి ఏ4. స్పైరల్‌ది మడిచి పట్టుకోవడానికి సులువే గానీ, పేజీలు కదిలి ఒకదానికొకటి రాసుకుంటాయి, నెల తిరిగేసరికి పెన్సిల్ బొమ్మలు మసకబారతాయి. కుట్టు బైండింగ్ మేలు. ఒట్టి జిగురుతో అంటించినది మన ఎండలకు పెళుసెక్కి షీట్లు రాలిపోతాయి. ఇంట్లో కుట్టుకుంటే ఇంకా చవక. పెద్ద షీట్లను ఏ4 సైజుకు కోసి, ఎనిమిదింటిని సగానికి మడిచి, మడత మీద మూడు రంధ్రాలు చేసి మందపాటి దారంతో కుడితే 32 పేజీల ఏ5 పుస్తకం. ఒక్క మెలిక ఉంది. కాగితంలో నారలు ఒక దిక్కుకే పడుకుని ఉంటాయి. షీటును అటూ ఇటూ వంచి చూస్తే తేలిగ్గా వంగే మడత నారల వెంబడి ఉన్నట్టు. పుస్తకం మడత ఆ దిక్కుకే రావాలి. అడ్డంగా మడిస్తే వెన్ను దగ్గర పగిలి, పుస్తకం మూతపడకుండా నోరు తెరుచుకుని ఉంటుంది. పెద్ద షీటు కోసేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి.

24 పెన్సిళ్లు వద్దు. హెచ్‌బి, 2బి, 4బి, 6బి నాలుగు చాలు. అప్సర, క్యామ్లిన్, డోమ్స్ ఏదైనా ఫరవాలేదు. 2హెచ్ లాంటి గట్టివి మెత్తటి పేపరులో గాడి పెడతాయి. తర్వాత షేడ్ వేస్తే ఆ గాడి తెల్లగీతలా తేలుతుంది. కొనేటప్పుడు పెన్సిల్ చివర చూడండి, లెడ్డు సరిగ్గా మధ్యలో లేకపోతే చెక్కినకొద్దీ విరుగుతుంది. ఎక్కువ నలుపు కోసం 2బిని నొక్కి రుద్దితే పేపరు మెరుపెక్కుతుంది, దాని మీద ఇంకేదీ పట్టదు; 6బితో తేలిగ్గా రెండు మూడు పొరలు వేయాలి. వేలితో పులమడం మొదటి ఆరు నెలలు మాన్పించండి. చేతి జిడ్డు అంటి షేడ్ మురికిగా మారుతుంది, వెలుగునీడల మధ్య గీత ఎక్కడ పడాలో కన్ను నేర్చుకోదు. గీసేటప్పుడు అరచేయి కింద ఒక కాగితం ముక్క ఉండాలి, మే నెలలో మరీను.

వీటికి తోడు ఒక మామూలు బాల్ పెన్ను. చెరపడానికి వీలుండదు కాబట్టి చూసి గీయడం దానంతటదే వస్తుంది, ఒత్తిడిని బట్టి లేతా ముదురూ కూడా పలుకుతాయి. లిస్టులో లేని వస్తువు ఇదే!

రంగులు నాలుగో నెల నుంచి, అదీ 12 చాలు. వాటికి మాత్రం 300 జీఎస్‌ఎం షీట్లు ఓ పది విడిగా కొనండి. 200 కంటే తక్కువ పేపరు తడిస్తే నారలు ఉబ్బి అలలు తేలుతుంది, రంగు ఆ గుంటల్లో చేరుతుంది. నాలుగు అంచులూ అట్టకు టేపుతో అంటించి మొదలుపెట్టాలి. మన దగ్గర వేసవి గాలి పొడి. కుంచె ఆ చివరికి వెళ్లేలోపు ఈ చివర ఆరిపోయి చారలు పడతాయి. అందుకని పొద్దున ఎనిమిదిలోపు వేయాలి, కుంచె కాస్త పెద్దది పట్టాలి, రంగు అవసరానికి రెట్టింపు ముందే కలిపి పెట్టుకోవాలి. జెల్ పెన్ను గీతల మీద తడి రంగు వేస్తే ఇంకు కరిగి పాకవచ్చు.

ఇక రోజూ గీయడం. కాలేజీ ఉన్న పిల్లకు 45 నిమిషాలు చాలు, మానకుండా. మొదటి పది నిమిషాల్లో నిమిషానికొకటి చొప్పున కదిలే మనుషులు: బస్టాండులో కూర్చున్నవాళ్లు, వంటింట్లో అమ్మ, లారీకి బండలు ఎత్తేవాళ్లు. ముక్కూ మొహం అక్కర్లేదు. నడుము ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, అంతే. బండ ఎత్తేవాడి బొమ్మలో బరువు కనిపించకపోతే వెన్ను గీత తప్పిందన్నమాట.

తర్వాత 25 నిమిషాలు ఒకే వస్తువు. ఇత్తడి చెంబుతో మొదలుపెట్టమనండి, ఏడాదంతా పాఠం చెబుతుంది. అందరూ చేసే తప్పు రెండు చోట్ల. మూతి గుండ్రాన్ని పక్కల కోసుగా గీస్తారు, అక్కడా వంపే ఉండాలి. అడుగును నేల మీద ఉంది కదా అని తిన్నగా గీస్తారు. నిజానికి అడుగు కంటి ఎత్తుకు ఇంకా కింద ఉంటుంది కాబట్టి దాని వంపు మూతి వంపు కంటే ఎక్కువ గుండ్రంగా కనిపిస్తుంది. చెంబు ఎత్తూ వెడల్పూ పోల్చే కొలత కోసం పెన్సిల్‌ను చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి పట్టాలి. మోచేయి వంగితే ప్రతిసారీ కొలత మారిపోతుంది, తర్వాత తప్పంతా చెంబు మీదికి తోస్తారు.

మిగిలిన పది నిమిషాలు నిన్నటి బొమ్మను చూడకుండా మళ్లీ గీయడం. గుర్తున్నదాన్ని గీసే అలవాటు లేని పిల్లలు పరీక్షలో సంత దృశ్యమో పండగ దృశ్యమో అడిగితే చేతులు కట్టుకుని కూర్చుంటారు.

ఆదివారం చింతల వెంకటరమణస్వామి గుడికి పంపండి. రథం ఆకారంలో ఉన్న గరుడ మండపం మీ ఊళ్లోనే ఉంటే నెట్‌లో ఫొటోలు చూసి గీయడం ఏమిటి? పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం నాలుగు దాటాకో వెళ్లాలి. అప్పుడు వెలుగు ఏటవాలుగా పడి శిల్పాల ఎత్తుపల్లాలు తెలుస్తాయి. నడినెత్తిన ఎండలో అన్నీ చదునుగా కనిపిస్తాయి.

ప్రతి పేజీ మూలన తేదీ, పట్టిన నిమిషాలు రాయాలి. ఫొటో చూసి గీస్తే ‘ఫొటో’ అని నిజాయితీగా రాయాలి. పేజీ చింపకూడదు, మీరు కూడా చుట్టాలొచ్చినప్పుడు మంచి బొమ్మలే తీసి చూపించకండి.

ఫిక్సేటివ్ ఇప్పుడు అక్కర్లేదు, పేజీల మధ్య పల్చటి బటర్ పేపరు పెడితే చాలు. బొగ్గుతో గీయడం మొదలయ్యాక కొన్నా, గదిలో కొట్టకూడదు. మిద్దె మీద, మూర దూరం నుంచి పలచగా రెండుసార్లు. ఈజిల్ సంగతి: రెండడుగుల ప్లైవుడ్ ముక్క, రెండు క్లిప్పులు తెచ్చి, ముక్కను కుర్చీ వీపుకు ఆనించండి. అమ్మాయి ఎదురుగా ఇంకో కుర్చీలో కూర్చుంటే పని జరిగిపోతుంది.