పాఠకుల ప్రశ్నలు: నష్టం వస్తున్నదని కౌంటీ నర్సింగ్ హోమ్‌ను అమ్మవచ్చునా?

ప్రశ్న: మా అమ్మాయి ఆరేళ్లుగా అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక కౌంటీ నర్సింగ్ హోమ్‌లో నర్సుగా పనిచేస్తున్నది. ఏటా నష్టం వస్తున్నదని, దానిని ప్రైవేటు కంపెనీకి అమ్మాలా వద్దా అని కౌంటీ పాలకులు ఆలోచిస్తున్నారట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని అమ్మాయి, అక్కడి ముసలివాళ్ల గతి ఏమిటని మా ఇంటావిడ దిగులు పడుతున్నారు. అసలు ప్రభుత్వం నర్సింగ్ హోమ్ నడపడమేమిటో, నష్టం వచ్చేదానిని వదిలించుకుంటే తప్పేమిటో నాకు బోధపడడం లేదు. వివరించగలరని మనవి. (విశ్రాంత ఉపాధ్యాయుడు, నయీంనగర్, హనుమకొండ)

జవాబు: చిక్కు మాట దగ్గరే మొదలైంది. హనుమకొండలో నర్సింగ్ హోమ్ అంటే పది ఇరవై పడకల ప్రైవేటు ఆస్పత్రి. కాన్పుకో ఆపరేషన్‌కో చేరి, వారం తిరగకుండా ఇంటికి వస్తాం. అమెరికాలో ఆ పేరుతో పిలిచేది వేరు. మంచం దిగలేనివారు, ఒకరు తినిపిస్తే తప్ప తినలేనివారు, మతిమరుపు ముదిరి కన్నబిడ్డలనే పోల్చుకోలేనివారు నెలల తరబడి, చాలామంది కడదాకా ఉండే చోటు అది. మన వృద్ధాశ్రమానికీ ఆస్పత్రికీ నడుమ ఉంటుందని అనుకోవచ్చు. ఇక కౌంటీ అంటే దాదాపు మన జిల్లా వంటిది. పెన్సిల్వేనియాలో 67 కౌంటీలున్నాయి. వాటిలో ఎక్కువ వాటిని ప్రజలు ఎన్నుకున్న ముగ్గురు కమిషనర్లు పాలిస్తారు.

దిక్కులేనివారికి కూడూ గూడూ చూపే బాధ్యత అక్కడ పూర్వం నుంచీ స్థానిక ప్రభుత్వాలదే. అందుకోసం నడిపిన బీదల ఇళ్లలో చివరికి మిగిలింది ఎక్కువగా వృద్ధులూ రోగులే కావడంతో, వాటిలో చాలా భాగం కాలక్రమంలో కౌంటీ నర్సింగ్ హోములుగా మారాయి. 1965లో మెడికేర్, మెడికెయిడ్ అనే రెండు పథకాలు వచ్చాయి. పేర్లు కవలపిల్లల్లా ఉన్నా పనులు వేరు. మెడికేర్ ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి వర్తించే ఆరోగ్య బీమా. ఆస్పత్రిలో కనీసం మూడు రోజులు ఉండి వచ్చినవారికి అది నర్సింగ్ హోమ్ ఖర్చును గరిష్ఠంగా 100 రోజుల వరకు, అందులోనూ మొదటి 20 రోజులకు మాత్రమే పూర్తిగా భరిస్తుంది. ఏడాదికి లక్ష డాలర్లు దాటే ఖర్చును సొంతంగా ఎవరు మాత్రం ఎన్నాళ్లు మోయగలరు? దాచుకున్నది కరిగి, చాలా రాష్ట్రాల లెక్క ప్రకారం ఒంటరి మనిషి చేతిలో 2,000 డాలర్లకు మించి ఆస్తి మిగలని స్థితి వచ్చినప్పుడు, పేదలకు ఉద్దేశించిన మెడికెయిడ్ ఆదుకుంటుంది. అప్పటి నుంచి వారి పింఛను సొమ్ము కూడా హోమ్‌కే పోతుంది. చేతి ఖర్చుకు నెలకు కనీసం 30 డాలర్లు మిగల్చాలని కేంద్ర చట్టం చెబుతున్నది. జీవితమంతా ఉద్యోగం చేసి ఇల్లు కట్టుకున్న మధ్యతరగతి మనిషి కూడా చివరి రోజుల్లో ఆ ముప్పై డాలర్ల దగ్గరికి చేరవచ్చునన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు.

మీరు అడిగిన నష్టం పుట్టేది ఇక్కడే. మెడికెయిడ్ చెల్లించే రోజువారీ రేటు సాధారణంగా అసలు ఖర్చు కన్నా తక్కువ. ప్రైవేటు హోమ్ సొంత డబ్బు చెల్లించేవారినీ, మెడికేర్ మీద కొద్ది రోజులకు వచ్చేవారినీ ముందు చూసుకుంటుంది. మరెక్కడా చోటు దొరకనివారు కౌంటీ గడప తొక్కుతారు. మన ఆర్టీసీ సంగతి గుర్తు చేసుకోండి. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు నడిచే బస్సుకూ, ఏజెన్సీ పల్లెకు రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే పల్లెవెలుగుకూ ఒకే తక్కెడలో లాభనష్టాలు తూచితే పల్లెవెలుగు ఎప్పుడూ ఓడిపోతుంది. 2019లో 52 రోజుల సమ్మె నడుమ 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు పల్లెలు అడిగిన ప్రశ్న కూడా ఇదే: లాభం లేని రూటులోకి ఎవరు వస్తారు? కౌంటీ నష్టంలో కొంత భాగం నిర్వహణలోని దుబారా కావచ్చు, కాదనను. మిగతా భాగం మాత్రం ఇతరులు తీసుకోని మనుషులను తీసుకున్నందుకు అయ్యే ఖర్చు. ఏ భాగం ఎంతో విడదీసి చెప్పని లెక్కను చూపి అమ్మకం గురించి మాట్లాడడం సరికాదని నా అభిప్రాయం.

పాలకుల పక్షాన కూడా చెప్పవలసింది ఉంది. కట్టడాలు పాతబడ్డాయి, నర్సులు దొరకడం కష్టమైంది, కోవిడ్ తరువాత మనుషులను సరఫరా చేసే ఏజెన్సీల ద్వారా తెచ్చుకునే సిబ్బందికి రెట్టింపు దాకా చెల్లించవలసి వచ్చింది. ఆ లోటంతా చివరికి ఇంటి పన్ను కట్టేవారి మీద పడుతుంది. పాలకులు అమ్మకం గురించి ఆలోచించడమే నేరమన్నట్లు మాట్లాడలేము. అయితే అమ్మకంతో ఆగిపోయేది ఖర్చు ఒక్కటే కాదు. పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాల్లో కౌంటీ తన వంతు డబ్బు పెడితే, దానిని ఆధారం చేసుకుని మెడికెయిడ్ కింద కేంద్రం నుంచి అదనపు నిధులు రాబట్టుకునే ఏర్పాటు ఉన్నది. హోమ్ చేతులు మారితే ఆ దారి మూసుకుపోతుంది. అమ్మకం ప్రతిపాదనలో ఈ పద్దు కనబడుతున్నదో లేదో అమ్మాయిని అడిగి చూడండి.

కొనేవారు ఎవరన్నది అన్నింటికన్నా ముఖ్యం. సేవాసంస్థలు కొన్న హోములు చక్కగా నడిచిన సందర్భాలున్నాయి. లాభం కోసం కొనేవారిలో కొందరు హోమ్‌ను నడిపే కంపెనీని ఒకటిగా, భూమినీ భవనాన్నీ సొంతం చేసుకునే కంపెనీని మరొకటిగా పెడతారు. మొదటిది రెండోదానికి భారీ అద్దె కట్టి, కాగితం మీద ఎప్పుడూ నష్టంలోనే ఉంటుంది, ఆ నష్టం పేరుతో సిబ్బంది తగ్గుతారు. మదుపరుల సొమ్ముతో కంపెనీలను కొని, కొన్నేళ్లలో లాభానికి అమ్ముకునే ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు కొన్న హోముల మీద 2021లో వెలువడిన ఆర్థికవేత్తల అధ్యయనంలో, కొద్దికాలం కోసం చేరిన మెడికేర్ రోగుల మరణాలు సుమారు పదో వంతు పెరిగినట్లు తేలింది. కొనుగోలుదారులందరూ ఆ కోవకు చెందరు గానీ, ఎవరు కొంటున్నారో తెలియకుండా తల ఊపకూడదు. భూమి విలువ కూడా మరువరాదు, కొనేవారి కన్ను దాని మీదే ఉండవచ్చు. 1934లో మొదలైన మన ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడ్డాక ఆ జాగాలో ప్లాట్లు పడడం వరంగల్ వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ముసలివాళ్ల గురించి మీ ఇంటావిడకు కొంత ధైర్యం చెప్పవచ్చు. 1987 నాటి కేంద్ర చట్టం ప్రకారం అక్కడ ఉన్నవారిని పంపించడానికి అనుమతించిన కారణాలు కొన్నే: అవసరమైన వైద్యం అక్కడ కుదరకపోవడం, నయం కావడం, ఇతరుల భద్రతకు లేదా ఆరోగ్యానికి ముప్పు రావడం, డబ్బు చెల్లించకపోవడం, హోమ్ మూతపడడం. యజమాని మారడం వాటిలో లేదు. పంపవలసి వస్తే సాధారణంగా 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. దానిపై అప్పీలు చేసుకోవచ్చు. ఇప్పుడు ఉన్నవారికి ఈ రక్షణ ఉన్నది. రేపు చేరబోయే పేదలకు పడక దొరుకుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఆ హామీని అమ్మకం ఒప్పందంలో రాయించకపోతే ఆ తరువాత అడగడానికి చోటుండదు. రాయించినా దానికి ఐదేళ్లో పదేళ్లో గడువు పెట్టడం మామూలే. ఆ గడువు ముగిసిన మరునాడు ఏమవుతుందని కౌంటీ సమావేశంలో ఎవరైనా అడగాలి. అడిగితే ఫలితం ఉంటుందనడానికి అదే రాష్ట్రంలో ఉదాహరణ ఉన్నది: నార్తాంప్టన్ కౌంటీలోని గ్రేస్‌డేల్ నర్సింగ్ హోమ్‌ను అమ్మాలనుకున్నప్పుడు, ప్రజలు సంతకాలు సేకరించి విషయాన్ని ఓటింగ్ దాకా తెచ్చి, 2011లో ఆ అమ్మకాన్ని నిలిపివేశారు.

అమ్మాయి తొందరపడి రాజీనామా చేయనక్కరలేదు. కౌంటీ పింఛనుపై హక్కు ఖాయమయ్యే సర్వీసు తనకు పూర్తయిందా, పేరుకున్న సెలవుల సొమ్ము ఎవరు చెల్లిస్తారు, యూనియన్ ఒప్పందాన్ని కొత్త యజమాని గౌరవిస్తాడా, అందరినీ మళ్లీ దరఖాస్తు చేసుకోమంటాడా అన్న సంగతులను యూనియన్ ద్వారా రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ప్రశ్న: పై విషయం మీకు ఉత్తరం రాసిన మిత్రుడే చెప్పగా విన్నాను. మన దగ్గర ఇలాంటివి నడపవలసిన బాధ్యత ఎవరిది? మునిసిపాలిటీ తన ఆశ్రయాన్ని వేరొకరికి అప్పగిస్తే ఆ బాధ్యత తీరినట్లేనా? (ఒక పాఠకురాలు, జగిత్యాల)

జవాబు: 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా చోటుండే ఆశ్రమాల గురించి చెబుతున్నది. కాని ఆ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వం వాటిని ‘స్థాపించవచ్చు’ అన్నదే తప్ప ‘స్థాపించాలి’ అనలేదు. ఒక్క క్రియాపదం అటూ ఇటూ కావడంతో ఎన్ని జిల్లాలు ఆశ్రమం లేకుండా మిగిలిపోయాయో ఊహించుకోవచ్చు. పైగా చట్టం ఊహించింది ఆశ్రమాన్నే గాని, మంచాన పడ్డవారిని ఏళ్ల తరబడి చూసే అమెరికా తరహా హోమ్‌ను కాదు. అటువంటివారు మన దగ్గర ఇంట్లోనే, చాలా వరకు కోడలి చేతుల మీదుగానో కూతురి చేతుల మీదుగానో వెళ్లిపోతారు. ఎవరూ లేనివారు వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వ పెద్దాస్పత్రి వార్డులో కనబడతారు.

ఇక అప్పగింత సంగతి. అప్పగించడం వేరు, అమ్మడం వేరు. ఇళ్లులేనివారికి పట్టణాల్లో ఏర్పాటైన షెల్టర్లలో చాలా వాటికి భవనం మునిసిపాలిటీది, నిర్వహణ స్వచ్ఛంద సంస్థది. సంస్థ సరిగా నడపకపోతే ఒప్పందం రద్దు చేసి మరొకరికి ఇవ్వవచ్చు, ఎందుకంటే తాళం చెవి ఇంకా మునిసిపాలిటీ చేతిలోనే ఉన్నది. భవనమే అమ్మిన తరువాత ఆ అవకాశం ఉండదు. కాబట్టి మీ ఊళ్లో అటువంటి ప్రతిపాదన వస్తే, అది లీజా, నిర్వహణ ఒప్పందమా, అమ్మకమా అన్నది కౌన్సిల్ ఎజెండా ప్రతిలో చూడండి. అందులో స్పష్టత లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆలోగా ఆశ్రయం అవసరమైన వృద్ధులు ఎవరైనా మీ ఎరుకలో ఉంటే, 14567 నంబరు వృద్ధుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.